కొంగపిల్ల మెడ

27 ఆగస్టు 1978, ఆదివారం

వత్తుల నూలు అమ్మే గుంటూరాయన కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ కొట్లో బల్ల ఊగకుండా కాలి కింద పెట్టాను. ఇవాళ తీసి దుమ్ము దులిపాను. ఎవరికన్నా చెప్పాలనుంది, అమలమ్మకి చెబితే ఏడుస్తుంది. ఏడిచే సంగతి కాదు. పిల్ల నవ్వింది.

గుణదలలో పూజ అయ్యాక అమలమ్మని ఇంటికి పంపించి, పిల్లని సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని గాంధీనగరం తీసుకెళ్ళాను. కాలవ వంతెన దగ్గర ఎప్పట్లాగే కళ్ళు మూసుకుంది. దాటాక "అయిపోయింది" అంటే తెరిచింది. పోయిన నవంబర్లో దివిసీమ ఉప్పెన చూసి మా ఇంటికి చేరిన పిల్ల, నీళ్ళంటే అంతే ఉంటుంది మరి.

హాల్లో ఆదివారం పొద్దున ఆటకి బొమ్మల సినిమా వేస్తున్నారు. ఇంగ్లీషుది. మనుషులుండరు, గీసిన బొమ్మలే కదుల్తాయి. మంచు కురుస్తుంటే కొంగల గుంపు ఎగిరిపోతూ ఉంటుంది. ఒక కొంగపిల్ల వెనకబడి కింద పడిపోద్ది. బొరియలో కాపరం ఉండే పందికొక్కులు దాన్ని లోపలికి లాక్కెళ్ళి పెంచుకుంటాయి. అవి పందికొక్కులు కావండీ అని పక్క సీటు కాలేజీ కుర్రాడు ఏదో ఇంగ్లీషు పేరు చెప్పాడు. పందికొక్కులు అనుకుంటేనే నాకు కథ సాగింది.

కొంగపిల్ల పెరిగే కొద్దీ బొరియ చాలదు. అప్పుడు పందికొక్కు తండ్రి రోజూ లేవగానే పైకప్పు కాస్త తవ్వుతాడు. ఆ మట్టంతా వాళ్ళు తినే కంచాల్లో పడుద్ది. ఎవరూ ఏమీ అనరు. దులుపుకుని తింటారు. అక్కడే పిల్ల నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటర్వెల్‌లో ఇద్దరం సోడా తాగాం.

ఆఖర్న కొంగ మెడ వంచుకుని బొరియలోంచి బయటికి వస్తుంటే ఆకాశంలో ఏవో అరుపులు. అప్పుడు లేచేశాం. సినిమా చివరిదాకా కూర్చునే అలవాటు నాకు లేదు. జనమంతా ఒక్కసారి మీద పడితే సైకిల్ స్టాండులో మన సైకిల్ బయటికి తీసేసరికి మధ్యాన్నం అవుద్ది. పెళ్ళయిన కొత్తలో అమలమ్మ దీనికే ఏడ్చేది, హీరో బతికాడో చచ్చాడో తెలీకుండా లాక్కొస్తారేంటండీ అని.

దారిలో పిల్ల "తర్వాతేమైంది" అంది. తనంతట తను నన్ను ఒక మాట అడగటం ఇదే మొదలు.

3 సెప్టెంబరు, ఆదివారం

మళ్ళీ వెళ్ళాం. మళ్ళీ అక్కడే లేచాం. అమలమ్మ కూడా వస్తానంది గానీ సైకిల్ మీద ముగ్గురం పట్టం.

8 సెప్టెంబరు

మేరీమాత పుట్టినరోజు. కొండ కింద బేరం బాగా జరిగింది. సాయంత్రం చర్చి ఉపదేశి అంతోని వచ్చాడు. కొవ్వొత్తులకనుకున్నా. కాదు. దివి నించి ఒక ముసలామె వచ్చి ఉప్పెనప్పుడు క్యాంపు నడిపినవాళ్ళని అడుగుతోందంట, మనవరాలు కావాలని. ఎనిమిదేళ్ళుంటాయి, ఎడం మోచేతి మీద కాలిన మచ్చ ఉంటుంది అని చెప్పిందంట.

కాలిన మచ్చ చాలామంది పిల్లలకి ఉంటుంది. మాది మైనం కాచే కొంప, ఇక్కడ అందరికీ మచ్చలే. అదే చెప్పాను అంతోనికి. పిల్ల అప్పుడు పంచలో కూర్చుని కొండ మీంచి తెచ్చిన కొవ్వొత్తి ముక్కల్లోంచి మాడిన వత్తులు ఏరుతోంది. అతను ఆ చెయ్యి వంకే చూశాడు. గౌను చేతులు పొడుగ్గా ఉన్నాయి, ఏమీ కనపడలేదు.

క్యాంపు వాళ్ళే కదా అన్నారు, ఎవరన్నా వచ్చేదాకా ఉంచుకోండమ్మా అని. దుప్పట్లు ఇవ్వటానికి వెళ్ళిన అమలమ్మ పిల్లని తెచ్చుకుంది. ఇన్నాళ్ళూ ఎవరూ రాలేదు. వచ్చిన ముసలామె ఈ పిల్ల కోసమే వచ్చిందని ఏముంది?

అమలమ్మకి చెప్పలేదు. ఆమెకి బెంగ ఎందుకని.

10 సెప్టెంబరు, ఆదివారం

సినిమా. ఇవాళ కనిపెట్టాను, బొరియ పైకప్పు ఎంత తవ్వినా కొంగకి సరిగ్గా చాలదు. ఎప్పుడూ కాస్త తక్కువే. లోపలున్నంతసేపూ మెడ వంచుకునే ఉంటుంది. అయినా దానికి బాధ ఉన్నట్టు కనపడదు. తల్లి పందికొక్కు దాని మెడకి గడ్డితో అల్లిన పట్టీ కడుతుంది. కప్పుకి రాసుకుపోకుండా.

అమలమ్మ ట్రంకుపెట్టెలోంచి పోయిన మా అమ్మాయి ఎలిజబెత్ గౌన్లు తీసి, లోపలికి కుట్టిన మడతలు విప్పుతోంది ఈ మధ్య. బాగానే సరిపోయాయి పిల్లకి. కాస్త చంకల దగ్గర బిగువు, అంతే.

19 సెప్టెంబరు

పక్కింటి సంపూర్ణమ్మ గారు ఇవాళ గోడ మీంచి చూసి చేతిలో చెంబు వదిలేశారు. పిల్ల అటు తిరిగి జామచెట్టు దగ్గర నిలబడి ఉంది, నీలం గౌను. ఆవిడ సిలువ గుర్తు వేసుకుని "ఒక్క క్షణం ఎలిజబెత్తే అనుకున్నాను మరియదాసూ" అన్నారు. నేను నవ్వేసి చెంబు అందించాను.

నాకూ అవుతుంది అలా. మునిమాపున దీపం పెట్టే వేళకి, పిల్ల వెనక నించి కనపడితే "అమ్మలూ" అని పిలుస్తాను. పిల్ల తిరుగుతుంది. ఆ తిరిగేలోపు ఉంటుంది చూడు, అంతే, ఆ కాస్త సేపు. తర్వాత మొహం కనపడుద్ది. వేరే మొహం.

ఎలిజబెత్ అని ఎవరు పిలిచినా పలుకుతుంది. క్యాంపులో ఏదో పేరు చెప్పింది, అది ఇక్కడెందుకులే. బళ్ళో చేర్చేటప్పుడు హెడ్‌మిస్ట్రెస్ గారు పేరు అడిగితే అమలమ్మ నోటికి ఆ పేరే వచ్చింది. నేను పక్కనే ఉన్నాను. వచ్చిన పేరే రాయించాం. మంచి పేరే గదా.

పిల్ల మాత్రం మమ్మల్ని ఏమనీ పిలవదు. అమ్మా అనదు, అత్తా అనదు. కావాల్సింది ఉంటే వచ్చి ఎదురుగా నిలబడుద్ది.

20 సెప్టెంబరు

పొద్దున చద్దన్నం తింటూ పిల్ల అమలమ్మతో అందంట, ఆ పిల్ల వచ్చి గౌను అడుగుతోంది అని. ఏ పిల్ల అంటే ట్రంకుపెట్టె వైపు చూపించింది. కలొచ్చిందేమో అంటే తల ఊపిందంట. ఏమందే ఆ పిల్ల అని అమలమ్మ అడిగింది. అడగకూడదు అలాంటివి. అయినా అడిగింది.

"చలేస్తందంట" అంది పిల్ల.

అమలమ్మ ఇది చెప్పేటప్పుడు ఏడవలేదు. అదే నాకు బాగాలేదు. పొద్దుటి నించీ ట్రంకుపెట్టె మూత మీద ఒక దుప్పటి కప్పి ఉంది. ఎవరు కప్పారని నేను అడగలేదు.

1 అక్టోబరు, ఆదివారం

సినిమాకి వెళ్ళాం. గేటు దగ్గర టిక్కెట్లు చింపే ఆయన కూడా గుర్తుపట్టాడు, "ఏం పాపా, కొంగ బాగుందా" అని. నన్ను కూడా అడిగాడు, ఏంటండీ ప్రతి వారం ఆఖరి రీలుకి లేచిపోతారు, అసలు ముచ్చటంతా అక్కడే ఉంది అని. సైకిల్ అన్నాను.

ఇవాళ వంతెన దాటాక పిల్ల మళ్ళీ అడిగింది. ఏదో ఒకటి చెప్పాలి గదా. చెప్పాను. ఆకాశంలో అరుపులు విని కొంగ బయటికొస్తుంది, బయట చలి, మంచు, ఎవరూ తెలిసినవాళ్ళు లేరు, అందుకని మళ్ళీ బొరియలోకి వచ్చేస్తుంది, అందరూ కలిసి తింటారు, అయిపోయింది అని. బాగానే అల్లాను. నాకే నిజమనిపించింది.

గుణదల మలుపు దగ్గర అనుకుంటా, పిల్ల "మెడ?" అంది.

"వంచుకుంటది. అలవాటైపోద్ది" అన్నాను.

4 అక్టోబరు

పిల్ల ఇంట్లో మెడ వంచుకుని నడుస్తోంది. ఆట. అమలమ్మ ఒకటే నవ్వు. నేను కూడా నవ్వాను. బళ్ళో టీచరమ్మ అడిగిందంట, మెడ నొప్పా అని.

9 అక్టోబరు

గాలి. వాన పెద్దగా లేదు గానీ తూర్పు గాలి ఊళ వేస్తోంది. నేను కొట్టు కట్టి వచ్చేసరికి పిల్ల కనపడలేదు. బావి దగ్గర లేదు, వీధిలో లేదు. అమలమ్మ ఎలిజబెత్, ఎలిజబెత్ అని అరుస్తోంది, ఎంత అరిచినా పలకదు. ఎవర్ని పిలుస్తోందో నాకే తెలీలేదు ఆ అరుపులో. ఆఖరికి అటక మీద ఉంది. మైనం డబ్బాల వెనకాల, దూలాన్ని రెండు చేతుల్తో పట్టుకుని. దిగమంటే దిగదు. నేను నిచ్చెనెక్కి వెళ్ళి పక్కన కూర్చున్నాను.

అప్పుడు చెప్పింది. వాళ్ళ నాన్న దాన్ని దూలం మీదికి ఎక్కించాడంట. తమ్ముణ్ణి అందిస్తానని వంగాడంట.

అక్కడితో ఆపేసింది. నేను తర్వాతేమైంది అని అడగలేదు.

21 అక్టోబరు

అంతోని కొట్టుకి వచ్చాడు. సమాధుల పండక్కి కావాల్సిన కొవ్వొత్తుల మాట అయ్యాక మళ్ళీ ముసలామె సంగతి ఎత్తాడు. మళ్ళీ వచ్చిందంట. కళ్ళు సరిగా ఆనవంట, ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారంట. ఏం చెప్పమంటారు మరియదాసు గారూ అన్నాడు. గొంతులో ఏమీ లేదు, మామూలుగానే అడిగాడు.

మా దగ్గరున్న పిల్ల బందరు వైపుది అని చెప్పమన్నాను.

పండగ అయ్యేదాకా ఆగితే చాలు. పిల్ల ఇప్పుడిప్పుడే తింటోంది. ఇప్పుడిప్పుడే రాస్తోంది. పలక మీద తన పేరు వంకర లేకుండా రాస్తోంది, ఎ, లి, జ, బె, త్. ఇలాంటప్పుడు కదిలిస్తే ఏమవుద్ది? పిల్ల మంచి కోసమే.

2 నవంబరు, గురువారం

సమాధుల పండగ. సరుకంతా అమ్ముడుపోయింది.

ఇవాళ రాయలేను.

3 నవంబరు

రాస్తాను. రాయకపోతే ఇది లోపలే తిరుగుతోంది.

నేను ఏటా సమాధుల తోట గేటు బయటే ఉంటాను, కొవ్వొత్తుల బల్ల వేసుకుని. ఆ రోజు బేరం వదులుకునేది కాదు. ఫాదర్ గారు దీవెన జలం చల్లుకుంటూ మా వరస దగ్గరికి వచ్చేటప్పటికి నేను లోపలికి వెళ్ళి అమలమ్మ పక్కన నిలబడతాను. మూడేళ్ళుగా అదే పద్ధతి. ముందు వారమే పెయింటర్ని పంపించి సున్నం వేయించాను, సిలువ మీద పేరు మాసిపోయిందంటే నల్లరంగుతో మళ్ళీ రాయించాను. చక్కగా రాశాడు. పెద్ద అక్షరాలు.

ఆ పని చేయించింది నేను. పిల్లకి బళ్ళో ఆ పేరు రాయించింది మేము. ఈ రెండూ ఒక చోట కలుస్తాయని ఇద్దరిలో ఒక్కరికి కూడా తోచలేదు. తెల్ల గౌను వేసి, బంతిపూలు చేతికిచ్చి, ముస్తాబు చేసి మరీ తీసుకెళ్ళాం.

నేను లోపలికి వెళ్ళేసరికి సూర్యుడు దిగిపోయాడు. తోటంతా కొవ్వొత్తులు వెలుగుతున్నాయి, సగం నేను పోసినవే. అమలమ్మ కళ్ళు మూసుకుని జపం చెబుతోంది. పిల్ల సమాధి ముందు మోకాళ్ళ మీద కూర్చుని సిలువ మీద వేలు పెట్టి చదువుతోంది. ఒక్కో అక్షరం తడుముతోంది, రంగు ఆరిందో లేదో చూసినట్టు. ఎ. లి. జ. చివరిదాకా వచ్చింది. కింద మరియదాసు గారి కుమార్తె అని ఉంటుంది. అదీ కూడబలుక్కుంది.

తర్వాత నా వైపు తిరిగింది. భయం లేదు మొహంలో. లెక్క తప్పితే టీచర్ని అడుగుతారే, అలా అడిగింది.

"నన్ను ఇందులో ఎప్పుడు పెట్టారు?"

అమలమ్మ జపం ఆగిపోయింది.

"నీళ్ళొచ్చినప్పుడేనా?" అంది పిల్ల. "అందుకేనా మా వాళ్ళకి నేను కనపడట్లేదు?"

ఫాదర్ గారు అప్పుడే వచ్చి నీళ్ళు చల్లారు. చినుకు మొహం మీద పడగానే పిల్ల అదిరిపోయి నా పంచె పట్టుకుంది. ఎత్తుకున్నాను. బరువే లేదు. ఇన్నాళ్ళు ఏం తిన్నట్టు?

గేటు బయట నా బల్ల, దాని మీద మిగిలిన కొవ్వొత్తులు అట్టాగే వదిలేసి వచ్చేశాం. సైకిల్ కూడా అక్కడే వదిలేశాను. దారంతా నడిచాం. పిల్ల నా భుజం మీద. అమలమ్మ వెనకాల వస్తోంది. నేను నడుస్తూ పిల్ల చెవిలో చెబుతూనే ఉన్నాను, అది నువ్వు కాదు, అది వేరే పిల్ల, మా పిల్ల, నువ్వు సుబ్బరత్నానివి. నువ్వు సుబ్బరత్నానివి. క్యాంపులో చెప్పిన పేరు. ఆ పేరు నా నోట రావటం అదే మొదలు. ఇక్కడ రాయటమూ ఇదే మొదలు.

ఇంటికొచ్చాక పిల్ల గౌను విప్పేసి, మడత పెట్టి, ట్రంకుపెట్టె మీద పెట్టింది. తన పాత లంగా కట్టుకుంది. క్యాంపుది, మోకాళ్ళ దాకానే వస్తోంది.

మా ఎలిజబెత్ పోయినప్పుడు కూడా నేను బయటే ఉన్నాను. సైకిల్ తెద్దామని ఆస్పత్రి స్టాండుకి వెళ్ళాను.

4 నవంబరు

అమలమ్మతో అన్నాను, ఒక సంగతి చెప్పాలి, మన అంతోని ఉన్నాడే అని. ఆమె బియ్యం ఏరుతోంది, తలెత్తలేదు.

"ముసలామె సంగతేగా. నాకూ చెప్పాడండీ."

ఎప్పుడు అన్నాను. నాకు చెప్పిన మర్నాడే అంట. నాకు తెలిస్తే తీసుకెళ్ళి అప్పజెబుతానని భయపడి దాచిందంట. ఆమె బెంగపడుతుందని నేను దాచాను. ఒకే కంచంలో తింటూ ఒకే సంగతి ఇద్దరం మింగేసి కూర్చున్నాం. ఆ అంతోని రెండిళ్ళకి తిరిగినట్టు తిరిగాడు పాపం.

"పంపిద్దామా" అన్నాను.

"పిల్ల తను చచ్చిపోయాననుకుంటోంది. ఇంకేం ఉంచుకుంటామండీ" అంది.

అంతోనికి కబురు పెట్టాను.

11 నవంబరు, శనివారం

ముసలామె వచ్చింది. పేరు రావమ్మ. నాగాయలంక అవతల ఏదో ఊరు. మనిషి పొట్టి, నోట్లో చుట్ట. అంతోని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. పంచలోనే నిలబడి, ఎవరూ ఏమీ చెప్పకముందే "రత్తీ" అని కేకేసింది.

పిల్ల వంటింట్లో ఉంది. రాదేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే రాకూడదనుకున్నాను. వచ్చింది. మెడ వంచుకోలేదు. ఎదురుగా నిలబడింది. ముసలామె మొహం తడమలేదు, ఏమీ లేదు, ముందు ఎడం మోచెయ్యి పట్టుకుని వేళ్ళతో మచ్చ చూసింది. "గంజి కుండ" అంది. అప్పుడు కూలబడి ఏడ్చింది. పిల్ల మాత్రం ఏడవలేదు, చుట్ట నేల మీద పడితే తీసి ఆరకుండా పట్టుకుని నిలబడింది.

అన్నాలయ్యాక ముసలామె నన్నూ అమలమ్మనీ కూర్చోబెట్టింది. నేను ఊహించని మాట అంది. పిల్లని ఇక్కడే ఉంచుకోమంది. తనకి గవర్నమెంటు వాళ్ళు కట్టిచ్చిన గది ఒకటి ఉంది, కళ్ళు పోతున్నాయి, ఇక్కడైతే చదువుద్ది, తింటది, కనపడింది చాలు అంది. "మీది నీళ్ళెక్కని ఊరు బాబూ."

అమలమ్మ నా వంక చూసింది. నేను సరే అని ఒక్క మాట అంటే చాలు. ఇంక ఎవరి నించీ దాచక్కర్లేదు, ఎవరికీ అబద్ధం చెప్పక్కర్లేదు. పిల్ల మాదైపోయేది.

తర్వాత ముసలామె చుట్ట వెలిగించుకుంటూ మామూలుగా అంది, "అయితే ఒకటే. మా వోళ్ళు ఒక్కరూ మిగల్లేదు గదా. నేనూ పోతే దాన్ని రత్తీ అని పిలిచేవోళ్ళుండరు. మీరు అప్పుడప్పుడు పిలుత్తా ఉండండి."

12 నవంబరు, ఆదివారం

రేపు పిల్ల ఉంటుందో వెళ్తుందో ఎవరూ తేల్చలేదు. పిల్లనే అడుగుదాం అంది అమలమ్మ. అడిగితే పిల్ల "ఇయ్యాల సినిమా ఆదివారం" అంది.

బొమ్మల సినిమాకి ఇదే ఆఖరి ఆట అని పోస్టరు మీద కాయితం అంటించారు. రిక్షా కట్టించుకుని నలుగురం వెళ్ళాం. సైకిల్ తేలేదు.

ముసలామెకి తెర మసగ్గా కనపడుద్ది. రత్నం పక్కన కూర్చుని చెబుతోంది. వారం వారం నేను దానికి చెప్పినట్టు. ముసలామె గొంతు తగ్గించే మనిషి కాదు.

"పందికొక్కు కొంగని పెంచటమేంటే, దొరికితే తినెయ్యదా?"

"ఇయ్యి మంచియ్యి అమ్మమ్మా."

"మన చేల మీద పడే ఎదవలకి సూపియ్యాలి ఈ సినిమా" అంది. ముందు వరస వాళ్ళు తిరిగి చూశారు. అమలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది, నవ్వాపుకోలేక. సమాధుల పండగ తర్వాత ఆమె నవ్వటం అదే మొదలు అనుకుంటా. కంచాల్లో మట్టి పడినప్పుడు మాత్రం నవ్వలేదు. అక్కడ చెయ్యి చాచి రత్నం వీపు నిమిరింది.

ఆఖరి రీలు వచ్చింది. కొంగ మెడ వంచుకుని బయటికి వస్తోంది. అరుపులు. నా కాళ్ళు వాటంతట అవే లేవబోయాయి. సీటు చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

ఏమైందో రాస్తాను. కొంగ బయట నిలబడి మెడ ఎత్తుతుంది. నెమ్మదిగా. అంత మెడ ఉందని దానికే తెలీదు. తెర పైదాకా వెళ్ళిపోయింది ఆ మెడ. తల్లి పందికొక్కు బొరియ నోట్లో నిలబడి తలెత్తి చూస్తోంది, చూసి చూసి వెనక్కి పడిపోయింది. పిల్లలంతా నవ్వారు. తర్వాత కొంగ వంగితే దాని మెడకున్న గడ్డి పట్టీ తల్లి విప్పింది. ఆకాశంలో గుంపు. అది ఎగిరింది. వెనక్కి తిరిగింది, కాదు, తిరగలేదు, తిరిగినట్టు నాకనిపించిందేమో. వెళ్ళిపోయింది.

అక్కడ అయిపోద్ది అనుకున్నాను. కాలేదు. బొరియలోపల చూపించాడు. అంత ఎత్తు పైకప్పు కింద పందికొక్కులు చిన్నచిన్నగా కూర్చుని తింటున్నాయి. చలి గాలి అంతా పై నించి దిగుతోంది, వణుకుతున్నాయి. పిల్ల పందికొక్కు ఒకటి మట్టి తెచ్చి పైకప్పు పూడుద్దామని నిచ్చెన వేసింది. తండ్రి లేచి దాన్ని కిందికి దించాడు. మట్టి చేతిలోంచి తీసుకుని పక్కన పోశాడు. మళ్ళీ కూర్చుని తిన్నాడు. అంతే. దీపాలు వెలిగాయి.

మిమ్మల్ని ఎవరూ తొయ్యటం లేదు, నిదానంగా వెళ్ళండి అని గేటు ఆయన అంటున్నాడు. మేము కూర్చునే ఉన్నాం.

"అబద్ధం చెప్పావు బాబాయ్" అంది రత్నం. కోపంగా కాదు. నన్ను ఒక వరస పెట్టి పిలిచింది.

"నాకూ తెలీదమ్మా. నేనూ చూళ్ళేదు" అన్నాను. అది మాత్రం నిజం.

హాలు మెట్ల మీద ముసలామె అడుగు తడబడింది. రత్నం వెళ్ళి చెయ్యి పట్టుకుంది. "మెట్టు" అంది. "ఇంకో మెట్టు." అట్టాగే దింపింది. కిందకి దిగాక అమలమ్మతో చెప్పింది, అమ్మమ్మకి దారి ఆనదు పిన్నీ, నేను పోవాలి అని. గుణదల తిరునాళ్ళకి వత్తాం అంది. ఫిబ్రవరిలో గదా అని మళ్ళీ అడిగి ఖాయం చేసుకుంది.

ఆ గొంతులో ఏదో ఉంది, ఇంటి మనిషి ఊరెళ్తూ చెప్పినట్టు.

13 నవంబరు

అవనిగడ్డ బస్సు ఎక్కించాం. కొత్త మైనంతో పోసిన కొవ్వొత్తులు ఒక పెట్టె ఇచ్చాను, ముక్కలు కరిగించినవి కాదు, వేరేవాళ్ళ మొక్కులు కలవనివి. ఉప్పెన వచ్చిన పంతొమ్మిదో తారీకు వాళ్ళ వాళ్ళకి పెట్టుకోమని. మాకు ప్రమిదలు బాబూ అంది రావమ్మ, మళ్ళీ తనే, ఏదైతే ఏంటి, వాళ్ళకి మేం కనపడాలి అంది.

బస్సు కదిలేటప్పుడు నేను రత్తీ అని కేకేశాను. కిటికీలోంచి తల బయటికి పెట్టింది. మొత్తం మెడ. కండక్టరు తిట్టాడు.

19 నవంబరు, ఆదివారం

ఇవాళే. గాలి లేదు. సాయంత్రం పంచలో ఇద్దరం కొవ్వొత్తులు పెట్టాం. వాళ్ళ నాన్నకొకటి, అమ్మకొకటి, తమ్ముడికొకటి. తమ్ముడి పేరు అడగలేదు మేము. ఇన్నాళ్ళు ఇంట్లో ఉంటే అడగలేదు.

పక్కన ఎలిజబెత్‌కి ఒకటి.

22 నవంబరు

బడికి వెళ్ళాను. హెడ్‌మిస్ట్రెస్ గారికి చెప్పి ఆ పేరు కొట్టేయించాను. ఏమైంది అమ్మాయికి అని కంగారు పడ్డారు. ఏమీ కాలేదండీ, వాళ్ళ ఊళ్ళో ఉంది, బాగుంది అన్నాను. ఆ మాట ఎంత బాగుందో. దారంతా అనుకుంటూ వచ్చాను. బాగుంది, వాళ్ళ ఊళ్ళో ఉంది.

3 డిసెంబరు, ఆదివారం

కొట్టు మూసి వచ్చేసరికి అమలమ్మ దీపం దగ్గర గౌను పట్టుకుని కూర్చుంది. నా గుండె జారింది. ట్రంకుపెట్టె మళ్ళీ తీసిందనుకున్నాను. విప్పిన మడతలు మళ్ళీ లోపలికి వేసి, మా పిల్ల కొలతకి తెస్తోందనుకున్నాను. ఆ కొలత ఇంక మారదు.

దగ్గరికెళ్ళి చూస్తే కొత్త గుడ్డ. పసుపు మీద ఆకుపచ్చ పూలు. ట్రంకుపెట్టె మీద దుప్పటి అట్టాగే ఉంది. ఎవరూ తియ్యలేదు.

తిరునాళ్ళకి వస్తుంది గదండీ, వచ్చినప్పుడు వేసుకోవటానికి అంది. అంచు తిప్పి చూశాను. లోపలికి మడత మీద మడత, మడత మీద మడత వేసి కుడుతోంది. గౌను కన్నా మడతల గుడ్డే ఎక్కువున్నట్టుంది. నడుం దగ్గర, భుజాల దగ్గర కూడా.

ఇంత గుడ్డ లోపల ఎందుకే, బరువు గదా పిల్లకి అన్నాను.

ఆమె దారం పళ్ళతో తెంపి, "పెరుగుద్ది గదండీ" అంది.